ముందు మీ బల్ల ఎత్తు కొలవండి

అడిగిన విషయం క్లుప్తంగా: వయసు 31, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. డైనింగ్ టేబుల్, ప్లాస్టిక్ కుర్చీ, లాప్‌టాప్. మధ్యాహ్నం మూడయ్యేసరికి మెడ పట్టేస్తోంది, వీపు పైభాగంలో మంట. అమ్మ "గూని వస్తుంది" అంటోంది. వీపుకి కట్టుకునే బెల్టు కొన్నారు, పెట్టుకున్నంత సేపే బాగుంటోంది. రోజంతా నిటారుగా కూర్చోవడం ఎలా అలవాటు చేసుకోవాలి?

నేను ఫిజియోథెరపిస్టుని. ఈ పనిలోకి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. మొదటి ఆరేళ్ళు నిజామాబాద్‌లో, తర్వాత నుంచి హైదరాబాద్ కూకట్‌పల్లిలో. మీ ప్రశ్నే కాస్త అటూ ఇటూగా వారానికి పదిమంది నోట వింటాను. క్లినిక్‌లో పావుగంటలో చెప్పలేనిదంతా ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

మీ ప్రశ్నలో చివరి వాక్యం దగ్గరే నాకు పేచీ. రోజంతా నిటారుగా కూర్చోవడం ఎవరికీ అలవాటు కాదు. నాకూ కాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఒక కాలు మడిచి కుర్చీ మీద పెట్టుకునే ఉన్నాను. కండరం కాసేపు పని చేసి, కాసేపు వదులై, మళ్ళీ పని చేస్తుంది, దాని తీరు అది. వీపుని బిగబట్టి కూర్చుంటే కొంతసేపు ఓపిక పడుతుంది, తర్వాత దానంతట అదే జారిపోతుంది. మీటింగ్‌లో ఎవరో ఏదో అడిగేసరికి మీరు నిటారు సంగతి మర్చిపోతారు. అది మీ బద్ధకం కాదు, అందరి ఒళ్ళూ అంతే.

పైగా "సరైన భంగిమ" ఏదన్న విషయంలో మాలో మాకే ఒక మాట లేదు. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో నాలుగు యూరప్ దేశాల్లోని 295 మంది ఫిజియోథెరపిస్టులకి, మనిషి తొమ్మిది రకాలుగా కూర్చున్న ఫొటోలు చూపించి ఏది మంచిదని అడిగారు. 85 శాతం మంది రెండు ఫొటోల దగ్గర ఆగారు. తీరా చూస్తే ఆ రెండు భంగిమలకీ పోలికే లేదు. అది చదివాక నేను పేషెంట్లతో "ఇలాగే కూర్చోండి" అనడం మానేశాను.

డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, దాని మీద పడే ఒత్తిడి సంగతి కూడా మీరు ఎక్కడో చదివే ఉంటారు, కూర్చుంటే నిలబడినప్పటికంటే బాగా ఎక్కువ పడుతుందని. స్వీడన్ ఆర్థోపెడిక్ సర్జన్ ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960ల్లో, 70ల్లో చేసిన కొలతల నుంచి వచ్చిన మాట అది. 1999లో జర్మనీలో విల్కే అనే పరిశోధకుడి బృందం ఒక మనిషి నడుము డిస్కులో సెన్సరు పెట్టి మళ్ళీ కొలిచింది. మామూలుగా నిలబడితే 0.50 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), వీపుకి ఆసరా లేకుండా కూర్చుంటే 0.46, కుర్చీలో వెనక్కి జారగిలబడితే 0.27. మన పెద్దవాళ్ళు తిట్టే ఆ జారగిలబడటంలోనే అన్నిటికంటే తక్కువ! ఒక్క మనిషి మీద చేసిన కొలత కాబట్టి దాన్నే వేదం అనను. కానీ కాసేపు వెనక్కి వాలితే నడుము విరిగిపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

మీ అమ్మగారికి కూడా ఒక మాట చెప్పండి. ముసలివాళ్ళలో చూసే గూనికి చాలాసార్లు కారణం ఎముకలు గుల్లబారి, వెన్నుపూసలు ముందువైపు నలిగిపోవడం. 31 ఏళ్ళ వయసులో లాప్‌టాప్ ముందు వంగి కూర్చున్నంత మాత్రాన ఎముక ఆ ఆకారానికి మారిపోదు. మెడ నొప్పి నిజం, మంట నిజం. గూని మాత్రం వేరే కథ.

మరి నొప్పి ఎందుకు వస్తోంది? దీనికి నాకు సమాధానం చెప్పింది పుస్తకాలు కాదు, నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు.

అప్పట్లో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది వాళ్ళే. నేల మీద కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి చుట్టి దారం కట్టడం. రోజుకు వెయ్యి బీడీలు. సాయంత్రానికి మెడ తిప్పలేకపోయేవాళ్ళు, వీపులో మీరు చెప్పిన మంటే. కొత్తలో నేను పుస్తకంలో ఉన్నట్టే ఒకామెకి చెప్పాను, నిటారుగా కూర్చో అని. ఆమె నవ్వింది. "నిటారుగ కూసుంటే చాట కనవడది సారూ. కండ్లు తీసి ఒళ్ళె పెట్టుకోవాల్నా?" అంది.

అంతే కదా. పని ఒళ్ళో ఉంది, కళ్ళు పైన ఉన్నాయి, మధ్యలో వంగాల్సింది మెడే. ఆ మెడకి ఎన్ని నీతులు చెప్పినా పని ఎక్కడుంటే అక్కడికే వంగుతుంది. చివరికి ఆమె ఒళ్ళో రెండు గట్టి దిండ్లు వేసి వాటి మీద చాట పెట్టాం. మొదటి రెండు రోజులు చెయ్యి నడవలేదని, బీడీలు తక్కువయ్యాయని నన్ను తిట్టుకుంది. తర్వాత అలవాటయింది. రెండోది, ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట కదా, నాలుగు కట్టలు అవ్వగానే లేచి కుండ దాకా వెళ్ళి రమ్మన్నాను. గడియారం చూసి లేవమంటే ఎవరూ లేవరు. కట్టలు లెక్కపెట్టడం మాత్రం ఎలాగూ చేస్తారు. ఈ రెండు పనులతోనే ఆమె మెడ చాలావరకు తేలికపడింది. నా చేతి వైద్యం అందులో కొంచెమే.

కూకట్‌పల్లి వచ్చాక చూస్తే అదే మెడ. చాట బదులు లాప్‌టాప్, అంతే తేడా. కాబట్టి మీకూ ఆ రెండు పనులే చెప్తాను. పనిని ఒంటి దగ్గరికి తీసుకురావడం, పని లెక్కన లేవడం. మూడోది ఒకటుంది, కండరాలకి కాస్త బలం. అది చివర్లో.

ఇంచు టేపు తీసుకోండి, కుట్టుమిషన్ దగ్గర ఉండేది చాలు. కుర్చీలో కూర్చుని, చెప్పులు లేకుండా పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, భుజాలు వదిలేసి, మోచేతులు పక్కన వేలాడేసి 90 డిగ్రీలు మడవండి. ఇంకొకరి చేత మూడు కొలతలు తీయించండి. నేల నుంచి మోకాలి మడత కింద దాకా ఒకటి. కూర్చున్న చోటు నుంచి మోచేయి దాకా రెండోది. నేల నుంచి బల్ల పైభాగం దాకా మూడోది.

మీ ఎత్తున్న వాళ్ళకి సాధారణంగా మొదటిది పదిహేనున్నర అంగుళాల దగ్గర, రెండోది ఎనిమిదిన్నర దగ్గర వస్తాయి. రెండూ కలిపితే 24. అంటే పాదాలు నేల మీద, భుజాలు వదులుగా ఉండాలంటే మీ చేతుల కింద బల్ల 24 అంగుళాల ఎత్తులో ఉండాలి. డైనింగ్ టేబుళ్ళు మామూలుగా 30 అంగుళాలుంటాయి. ఆరంగుళాల తేడా! ఆ ఆరంగుళాలూ ఎక్కాలంటే మీరు చేయగలిగింది ఒకటే, భుజాలు చెవుల వైపు ఎగదీసి టైపు చేయడం. భుజాన్ని పైకెత్తి పట్టుకునే కండరం మెడ నుంచే మొదలవుతుంది. మధ్యాహ్నం మూడింటికి పట్టేసేది అదే. ఆరడుగుల మగవాడికి ఆ బల్ల దాదాపు సరిపోతుంది. మీకూ, మన ఇళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళకూ సరిపోదు. కూర్చోవడం రాకపోవడం దాకా పోనక్కర్లేదు, ముందు బల్లే ఎత్తుగా ఉంది.

దీనికి దారి రెండు రకాలు. బల్ల దించడం, లేదా మనం కూర్చునే చోటు ఎత్తడం.

దించడం మేలు. మీ ఇంట్లో కుట్టుమిషన్ బల్ల, పిల్లల చదువు బల్ల లాంటిది ఏదైనా పొట్టిది ఉంటే కొలిచి చూడండి. నా పేషెంటు ఒకావిడ చవక రకం చెక్క బల్ల కొని, వడ్రంగి చేత నాలుగు కాళ్ళూ అయిదంగుళాల చొప్పున కోయించింది. ఇంట్లో వాళ్ళు వింతగా చూశారట. నేనైతే వేల రూపాయల కుర్చీ కంటే ఆ వడ్రంగి కూలికే ఓటేస్తాను.

డైనింగ్ టేబుల్‌తోనే గడపాలంటే మనమే లేవాలి. మీ మోచేయి బల్ల ఎత్తుకి రావాలంటే కూర్చునే చోటు 21, 21న్నర అంగుళాలు ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ దాదాపు 17. ఒకే రకం కుర్చీలు రెండు ఒకదాంట్లో ఒకటి దోపితే రెండు మూడు అంగుళాలు లేస్తుంది, కదలకుండా గట్టిగా కూర్చుందో లేదో చూసుకోండి. పైన బొంత మడిచి వేయండి. మెత్తటి దిండు వద్దు, పదినిమిషాల్లో అణిగి మళ్ళీ కిందికి తెస్తుంది. ఇప్పుడు పాదాలు గాల్లో వేలాడతాయి. వాటి కింద ఆరంగుళాల ఎత్తులో ఏదో ఒకటి పెట్టాలి. అట్టపెట్టెలో పాత పేపర్లు కూరి టేపు వేయండి, రెండు ఇటుకల మీద పలక వేసినా సరే. పీట కూడా బాగుంటుంది. పూజ గదిలో పీట మాత్రం తీయకండి, అమ్మగారు నన్ను తిడతారు. పాదాల కింద ఆసరా లేకపోతే తొడల కింద ఒత్తుకుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, మీరు ముందుకు జారి కుర్చీ అంచున కూర్చుంటారు, వీపు ఆసరా కాస్తా పోతుంది. కుర్చీ ఎత్తు పెంచి పాదాల సంగతి వదిలేసే వాళ్ళే ఎక్కువ, అందుకే ఇంత చెప్తున్నాను.

నడుము వెనక ఖాళీలో తువ్వాలు చుట్టి పెట్టుకోండి. అది చాలు.

ఇక స్క్రీను. లాప్‌టాప్‌లో స్క్రీనూ కీబోర్డూ ఒకే మడతబందు మీద ఉంటాయి. చేతులకి సరిపోయేట్టు పెడితే కళ్ళకి కిందైపోతుంది, కళ్ళకి సరిపోయేట్టు ఎత్తితే చేతులు గాల్లోకి పోతాయి. రెంటినీ విడదీయడం తప్ప మార్గం లేదు. విడిగా కీబోర్డు, మౌసు కొనండి, వైరు ఉన్నవైతే రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. మీరు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే, బెల్టు మీద కాదు. లాప్‌టాప్ కింద ఇంటర్ గైడ్లో, పాత టెలిఫోన్ డైరెక్టరీయో, ఏదుంటే అది పేర్చండి. స్క్రీను పై అంచు మీ కళ్ళ ఎత్తుకి, లేదా రెండు వేళ్ళు కిందికి రావాలి. పైన చెప్పినట్టు కుర్చీ ఎత్తితే మీ కళ్ళూ పైకి వెళ్ళాయి కాబట్టి ఏడెనిమిది అంగుళాల పుస్తకాలు పట్టొచ్చు. దూరం చెయ్యి చాచితే వేలి కొస తగిలేంత. అక్షరాలు చిన్నగా కనిపిస్తే ముందుకి వంగకండి, అక్షరాల సైజు పెంచండి. ఇది వినడానికి మామూలుగా ఉంటుంది, కానీ నా దగ్గరికొచ్చే టెస్టర్లలో మూడు నాలుగు విండోలు ఒకే చిన్న స్క్రీను మీద ఇరికించి, 80 శాతం జూమ్‌లో చూసేవాళ్ళు బోలెడు మంది. వాళ్ళ మెడ ముందుకు సాగేది ఆ అక్షరాల కోసమే.

వాట్సాప్‌లో ఒక బొమ్మ తిరుగుతుంటుంది, తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోలు పడుతుందని. అది 2014లో ఒక అమెరికా సర్జన్ కంప్యూటర్ మోడల్‌తో వేసిన లెక్క, మనుషుల మెడల్లో కొలిచింది కాదు. తల బరువు నాలుగున్నర, అయిదు కిలోలుంటుంది, ముందుకు వంచిన కొద్దీ వెనక కండరాలు ఎక్కువ లాగాలి, అంతవరకు నిజం. నిండు బిందెని చంకలో పెట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా. దానికోసం 27 కిలోల బొమ్మ చూసి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక్కడ ఒక మినహాయింపు, ఇది మీకు కాదు, మీ ఆఫీసులో నలభై దాటిన వాళ్ళకి. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో ఉండే కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు స్క్రీను ఎత్తితే ఇంకా ఇబ్బంది పడతారు. ఒక అకౌంటెంటు గారు వచ్చారు, 52 ఏళ్ళు. ఎవరో చెప్పారని మానిటర్‌ని స్టాండు మీద ఎక్కించారు, మెడ నొప్పి రెట్టింపయింది. కూర్చోబెట్టి చూశాను. దగ్గరి చూపు అద్దం కింది భాగంలో ఉంది కదా, అందులోంచి చూడటానికి ఆయన గడ్డం పైకెత్తి, తల వెనక్కి మడిచి, సర్కస్ చూసే పిల్లాడిలా లెడ్జర్ చదువుతున్నారు. స్టాండు తీసేయించి, మానిటర్ దించి, కొంచెం వెనక్కి వాల్చాం. తర్వాత ఆయన కంప్యూటర్ దూరానికని విడిగా ఒక కళ్ళజోడు చేయించుకున్నారు. మెడ నొప్పికి మందు కళ్ళ డాక్టరు దగ్గర దొరకడం కొత్తేమీ కాదు.

మౌసు గురించి ఒక్క ముక్క. కుడి భుజం ఎడమ భుజం కంటే ఎక్కువ నొప్పిగా ఉందా? అయితే మీ కీబోర్డు కుడిచివర అంకెల గడులు ఉన్నాయేమో చూడండి. మీరు వాటిని వాడకపోయినా అవి మౌసుని జానెడు దూరం నెట్టేస్తాయి, రోజంతా చెయ్యి పక్కకి చాపి ఉంటుంది. అంకెల పని లేనివాళ్ళు పొట్టి కీబోర్డు కొనుక్కోవడం మంచిది.

ఆఫీసుకి వెళ్ళే రెండు రోజుల్లో, కుర్చీ కింద ఉన్న లివర్లు కదిపి చూడటానికి మొహమాటపడకండి. ఒకటి ఎత్తు మారుస్తుంది, ఇంకొకటి వెనక్కి వాలే తాళం. ఆ తాళం చాలా ఆఫీసుల్లో బిగించే ఉంటుంది. వదులు చేస్తే చదివేటప్పుడు, కాల్స్‌లో వినేటప్పుడు వెనక్కి వాలొచ్చు, టైపు చేసేటప్పుడు ముందుకు రావచ్చు. ఆ ఊగడమే కావాల్సింది.

ఇప్పుడు లేవడం సంగతి. అరగంటకోసారి అలారం పెట్టుకోమని అందరూ చెప్తారు. నేనూ చెప్పేవాణ్ణి. మూడో రోజుకి అందరూ ఆ అలారం నొక్కేసి కూర్చుంటారు, పని మధ్యలో మోగితే ఎవరికైనా చిరాకే. మీ పనిలో కట్టలు ఏవో చూసుకోండి. ఇన్ని టెస్ట్ కేసులు రన్ అయ్యాక, ఒక బగ్ రాసి పంపాక, ఒక బిల్డ్ మొదలయ్యాక. ఎక్కడైతే పని దానంతట అదే ఒక ఊపిరి తీసుకుంటుందో అక్కడ లేవండి. ముప్పై నలభై నిమిషాలకు ఒకటి పడేట్టు చూసుకోండి. లేచి వ్యాయామాలు చేయక్కర్లేదు, వంటింటి దాకా వెళ్ళి రండి. దీనికి నా దగ్గర ఒక చిట్కా ఉంది. బల్ల మీద రెండు లీటర్ల బాటిల్ తీసేసి ఒక చిన్న గ్లాసు పెట్టుకోండి. తాగాలంటే నింపుకోవాలి, నింపుకోవాలంటే లేవాలి, తాగితే మళ్ళీ ఇంకోదానికి లేవాలి. మీరు మాట్లాడక్కర్లేని కాల్స్ ఉంటాయి కదా, అవి నిలబడి, నడుస్తూ వినండి.

మంచం మీద దిండుకి ఆనుకుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోవడం ఒక గంటకి ఫర్వాలేదు. రోజంతా అయితే మళ్ళీ చాట ఒళ్ళోకి వచ్చినట్టే. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చిన్నప్పటి నుంచీ అలవాటున్నవాళ్ళు కాసేపు అలా మార్చుకోవచ్చు, పొట్టి బల్ల ముందుండాలి. నిలబడి పనిచేసే బల్లలు ఇప్పుడు ఫ్యాషన్. రోజంతా నిలబడటం ఎంత సుఖమో బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌ని అడగండి.

బలం గురించి. డెన్మార్క్‌లో 2011లో వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది బిజీగా ఉన్నవాళ్ళ సాకులు తీసేసింది. తరచూ మెడ, భుజం నొప్పి ఉన్న 198 మంది ఉద్యోగులని తీసుకుని, కొందరికి రోజుకి రెండు నిమిషాలు, కొందరికి పన్నెండు నిమిషాలు రబ్బరు బ్యాండుతో (వ్యాయామానికి వాడే పొడుగాటి సాగే పట్టీ) వ్యాయామం చేయించారు, వారానికి అయిదు రోజులు, పది వారాలు. మిగతావాళ్ళకి వ్యాయామం లేదు. రెండు నిమిషాల వాళ్ళకి కూడా నొప్పి గుర్తుపట్టేంత తగ్గింది. పన్నెండు నిమిషాలు చేసినవాళ్ళకంటే వీళ్ళేమీ పెద్దగా వెనకబడలేదు.

ఆ వ్యాయామం ఇది. బ్యాండు మధ్యలో కాలితో తొక్కి నిలబడండి. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, మోచేతులు కొంచెం మడిచి, చేతులు పక్కలకి, కాస్త ముందువైపుగా, భుజాల ఎత్తు దాకా లేపండి. నెమ్మదిగా దించండి. దించేటప్పుడు బ్యాండు మిమ్మల్ని లాక్కోకూడదు, మీరే దాన్ని ఆపుతూ దించాలి. ఆగకుండా రెండు నిమిషాల దాకా, లేదా ఇక లేవదు అనిపించేదాకా. మొదటి వారం మీకు ఒక నిమిషం కూడా కష్టమే, ఫర్వాలేదు. భుజాలు చెవుల దగ్గరికి పోతున్నాయంటే బ్యాండు మీకు ఎక్కువ గట్టిది, తేలికదానికి మారండి. మొదట్లో రెండు రోజులు కండరాల్లో సలుపు ఉంటుంది, అది పని చేసిన సలుపు. చురుక్కుమని పొడిచినట్టుంటే, చేతిలోకి కరెంటులా పాకితే మాత్రం ఆపేయండి.

దీనికి తోడు ఒకటే చెప్తాను. గోడకి వీపు ఆనించి నిలబడి, తల పైకెత్తకుండా, గడ్డాన్ని వెనక్కి నెట్టండి, ఎవరో మీ మొహం మీదికి బాగా దగ్గరగా వచ్చి మాట్లాడితే వెనక్కి తీసుకుంటాం చూడండి, అలా. అయిదు లెక్కపెట్టి వదిలేయండి. పదిసార్లు. కిందికి చూడకూడదు, గడ్డం కింద రెండో గడ్డం రావాలి. అద్దంలో చూసుకుంటే నవ్వొస్తుంది. ఇంతకు మించి పాతిక రకాలు రాసివ్వగలను, కానీ పాతిక రాసిస్తే ఒక్కటీ చేయరని అనుభవం. యోగా వచ్చుంటే భుజంగాసనం, మార్జాలాసనం ఈ పనికి బాగా నప్పుతాయి.

బెల్టు పారేయక్కర్లేదు. పెళ్ళిలో మూడు గంటలు కూర్చోవాల్సి వచ్చినా, ఇల్లంతా సర్దుతున్నా కట్టుకోండి. రోజూ పెట్టుకుంటే భుజాలు వెనక్కి లాగే పని బెల్టే చేస్తుంది, కండరానికి చేయాల్సిన పనే ఉండదు. పైగా బల్ల ఎత్తు అలాగే ఉంది కదా. బెల్టు భుజాల్ని వెనక్కి లాగుతుంది, బల్ల పైకి లాగుతుంది, మధ్యలో మీరు.

మీరు రాయలేదు గానీ, ఈపాటికి ఎవరో ఒకరు ఎంఆర్ఐ తీయించుకోమని చెప్పే ఉంటారు. తీస్తే "డిస్క్ బల్జ్", అంటే డిస్కు కాస్త బయటికి ఉబ్బిందని వచ్చే అవకాశం బాగానే ఉంది. అప్పుడు గాభరా పడకండి. నొప్పి అన్నదే లేని మూడు వేల మందికి పైగా మనుషుల నడుము స్కాన్‌లను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, ఇరవై ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, నలభై ఏళ్ళవాళ్ళలో 50 శాతం మందికి బల్జ్ ఉంది. తల నెరిసినట్టే లోపల కూడా కొంత నెరుస్తుంది. "ఎముకలు అరిగాయట సార్" అని కళ్ళనీళ్ళతో ఫిల్మ్ పట్టుకుని వచ్చే ముప్పై ఏళ్ళవాళ్ళని చూస్తే నాకు ఆ రిపోర్టు రాసిన భాష మీద కోపం వస్తుంది.

కానీ కొన్ని ఉన్నాయి, వాటికి బల్ల కొలుచుకుంటూ కూర్చోకూడదు. చేతిలో లేదా కాలిలో బలం తగ్గడం, ఉదాహరణకి చొక్కా గుండీ పెట్టలేకపోవడం, నడుస్తుంటే చెప్పు కాలినుంచి తెలియకుండా జారిపోవడం. నడుము నొప్పితో పాటు మూత్రం, మలం మీద పట్టు తప్పడం, లేదా మూత్రం రాకుండా ఆగిపోవడం, తొడల మధ్య మొద్దుబారడం. ఇది వస్తే ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు. జ్వరంతో, కారణం లేకుండా బరువు తగ్గడంతో కలిసి వచ్చే వెన్నునొప్పి, పడుకున్నా తగ్గక రాత్రుళ్ళు నిద్ర లేపే నొప్పి, దెబ్బ తగిలాక మొదలైన నొప్పి డాక్టరు చూడాల్సినవి. ఎడమ భుజం, దవడ నొప్పితో చెమటలు, ఆయాసం వస్తే అది గుండెపోటు కావచ్చు, మెడ నొప్పి అనుకుని కాపడం పెట్టుకోకండి. మీరు రాసిన దాంట్లో ఇవేవీ లేవు. చేతివేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయో లేదో మాత్రం మీరు చెప్పలేదు, చెప్పండి.

రెండు వారాలు ఇవ్వండి. అన్నీ ఒకేరోజు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. మొదటి వారం బల్ల, కుర్చీ, పాదాల కింద ఎత్తు, కీబోర్డు. రెండో వారం బ్యాండు. మధ్యలో ఒకరోజు, మీకు చెప్పకుండా సాయంత్రం నాలుగింటికి పక్కనుంచి ఒక ఫొటో తీయమని మీ అమ్మగారికి చెప్పండి. చెప్పి తీస్తే అందరూ నిటారుగానే కూర్చుంటారు. ఆ ఫొటోలో చెవి భుజానికి ఎంత ముందుకి ఉంది, భుజం చెవికి ఎంత దగ్గరగా ఉంది, మోచేయి బల్లకి పైనుందా కిందుందా అన్నవి చూడండి.

ఆ మూడు కొలతలూ తీసి ఇక్కడ రాయండి, మోకాలి ఎత్తు, మోచేయి ఎత్తు, బల్ల ఎత్తు. కళ్ళజోడు ఉంటే ఏ రకమో కూడా. కుర్చీ కింద ఎన్ని అంగుళాలు వేయాలో, లాప్‌టాప్ కింద ఎన్ని పుస్తకాలు పట్టాలో లెక్క వేసి చెప్తాను.